పసిగట్టే ముక్కుకూ జబ్బులుంటాయి

సలూకీల నుంచి పోలీసు జాగిలాల దాకా.. ఎజ్బాల్లో కుక్కల్ని చూసుకునే మనవాళ్లు తెలుసుకోవాల్సిన సంగతులు

మన తెలుగులో ‘పసిగట్టడం’ అనే మాట ఉంది. ఎవడో ఏదో దాచిపెడితే మనం కనిపెట్టేశామనుకోండి, పసిగట్టేశాం అంటాం. పసి అంటే వాసన. కుక్క వాసన పట్టి ఆచూకీ తీసినట్టు కనుక్కోవడం అన్నమాట. మరి ఆ పసి పట్టే ముక్కే మొద్దుబారిపోతే? కుక్క నోరు తెరిచి ‘నాకు వాసన తెలియడం లేదు’ అని చెప్పలేదు. చాలాసార్లు మామూలుగానే తింటుంది, తోక ఊపుతుంది, పరుగెత్తమంటే పరుగెత్తుతుంది. పని మాత్రం చెడిపోతుంది. చూసేవాళ్లు ‘దీనికి బద్ధకం పట్టింది’ అనుకుంటారు. కోపమొస్తే రెండు దెబ్బలు కూడా వేస్తారు.

గల్ఫ్‌లో చెమటోడ్చే మనకి కుక్క ముక్కు గోల ఎందుకని మీరు అడగొచ్చు. ఎమిరేట్స్‌లో ఎడారి లోపలి ఎజ్బాల్లో, మజ్రాల్లో పనిచేసేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఒంటెలు, గొర్రెలతో పాటు అర్బాబ్ ముద్దుగా పెంచుకునే వేటకుక్కల తిండి, నీళ్లు, మందులు కూడా చాలాచోట్ల వాళ్ల చేతుల్లోనే ఉంటాయి. కుక్కకి ఏదైనా అయితే ముందు మాట పడేది కూడా వాళ్లే. అందుకని ఈ నాలుగు ముక్కలు.

నేను సివిల్‌లో డిప్లొమా చేసి సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నవాణ్ణి, పశువుల డాక్టర్ని కాదు. ఎజ్బాల్లో ఉన్న స్నేహితులు అడిగిన ప్రశ్నలకు జవాబుల కోసం డాక్టర్లను అడిగి, చదివి తెలుసుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

కళ్లతో వేటాడేవి, ముక్కుతో వేటాడేవి

వేటకుక్కల్లో రెండు జాతుల వాళ్లుంటారు. ఒకరు కళ్లను నమ్ముకున్నవాళ్లు, ఇంకొకరు ముక్కును నమ్ముకున్నవాళ్లు. అరబ్బుల సలూకీ మొదటి రకం. సన్నటి నడుము, పొడుగు కాళ్లు, దూరంలో కుందేలు చెవి కదిలినా పట్టేసే చూపు. గంటకు 60 కిలోమీటర్లకు పైగా పరుగెత్తగలదు. పూర్వం బెదూయిన్లు డేగను పైకి వదిలి, కింద సలూకీని వదిలి కుందేళ్లను, జింకలను వేటాడేవారు. మామూలు కుక్కను గుడారంలోకి రానివ్వని వాళ్లు కూడా సలూకీని లోపల పడుకోబెట్టుకునేవారు.

ఇప్పుడు ఆ వేట లేదు. అడవి జంతువుల వేటను కట్టడి చేస్తూ ఎమిరేట్స్‌లో 1983లోనే ఫెడరల్ చట్టం వచ్చింది. సలూకీలు ఇప్పుడు ఎక్కువగా పందేల్లో పరుగెత్తుతున్నాయి. అల్ ధఫ్రా ఉత్సవంలో ఒంటెల అందాల పోటీలతో పాటు సలూకీ పరుగులు కూడా చూడొచ్చు. ఈ జాతిని కాపాడుకోవడానికి అబుదాబిలో 2001లో అరేబియన్ సలూకీ సెంటర్ పెట్టారు. 1999లో మొదలైన అబుదాబి ఫాల్కన్ హాస్పిటల్‌కి అది పక్కనే ఉంటుంది.

మన దగ్గర దక్కన్‌లో కనిపించే కారవాన్ హౌండ్, కర్ణాటక ముధోల్ కుక్క కూడా ఇలాంటి సన్న నడుము జాతులే. పడమటి ఆసియా నుంచి వర్తకుల బిడారులతో వచ్చిన కుక్కలే వీటి పూర్వీకులని చెబుతారు. అంటే మనకంటే ముందే, ఎదురు దిక్కున, ఇక్కడి వాళ్లు మన ఊళ్లకు వలస వచ్చారన్నమాట!

రెండో రకం జాగిలాలు. బీగిల్, బ్లడ్‌హౌండ్ లాంటివి ముక్కు నేలకు ఆనించి వెళ్లేవి. లాబ్రడార్, బెల్జియన్ మాలినోయిస్, జర్మన్ షెపర్డ్‌లను పోలీసులు, కస్టమ్స్ వాళ్లు వాడతారు. తెలంగాణలో మొయినాబాద్ దగ్గరున్న ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో పోలీసు జాగిలాలకు శిక్షణ ఇస్తారు. దుబాయ్ ఎయిర్‌పోర్టులో అయితే 2020 వేసవిలో ఇంకో ముచ్చట జరిగింది. ప్రయాణికుల చంకలోని చెమట నమూనా తీసి, గరాటులాంటి దాంట్లో పెట్టి కుక్కలకు వాసన చూపించి కరోనా ఉందో లేదో కనిపెట్టించారు. ఆ ప్రయోగాల్లో కచ్చితత్వం సుమారు 92 శాతం అని అప్పట్లో అధికారులు ప్రకటించారు. ఎమిరేట్స్‌లో జరిగిన ఈ పని మీద 2021లో కమ్యూనికేషన్స్ బయాలజీ అనే సైన్సు పత్రికలో వ్యాసం కూడా వచ్చింది.

సలూకీ కళ్లతో వేటాడుతుందంటే దానికి ముక్కుతో పని లేదని కాదు. వేట పొద చాటుకు పోతే వెతకాల్సింది ముక్కుతోనే. తిండి గుర్తుపట్టడానికి, మనిషిని గుర్తుపట్టడానికి, ఇంటి దారి పట్టడానికి కూడా ముక్కే. ముక్కుకి, ఊపిరికి, ఒంటికి వచ్చే జబ్బులు రెండు రకాలకూ ఒకటే.

ముక్కు లోపల ఏం జరుగుతుంది?

మనిషి ముక్కులో వాసన పట్టే కణాలు 50, 60 లక్షలు ఉంటే కుక్క ముక్కులో 20 నుంచి 30 కోట్ల దాకా ఉంటాయని చెబుతారు. వాసన పట్టేటప్పుడు కుక్క సెకనుకు సుమారు అయిదుసార్లు ముక్కుతో గాలి లాగుతుంది. ఆ గాలి లోపలికి వెళ్లాక రెండుగా చీలుతుంది. ఎక్కువ భాగం ఊపిరితిత్తులకు పోతుంది. కొంత భాగం మాత్రం ముక్కు వెనకనున్న వాసన గదిలోకి పోతుంది. వదిలే గాలి ముక్కు పక్కనున్న చీలికల్లోంచి బయటికి పోతుంది కాబట్టి, ఎదురుగా ఉన్న వాసన చెదిరిపోకుండా ఉంటుంది.

వాసన గది లోపల గోడకి పల్చటి తడి పొర ఉంటుంది. గాలిలో వచ్చిన వాసన ముందు ఆ తడిలో కరగాలి, అప్పుడే కణాలకు అందుతుంది. సైట్‌లో మన భాషలో చెప్పాలంటే, ఎండిపోయిన గోడకి ప్లాస్టరింగ్ పట్టదు కదా, ముందు నీళ్లు కొట్టాలి. ఇదీ అంతే. తడి ఆరిపోయినా, చీము పట్టినా, వాచినా, రక్తం గడ్డ కట్టినా ముక్కు పని ఆగినట్టే.

మొదటి శత్రువు ఎండ

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పాదాల కింద కొంచెం పడుతుంది, అంతే. ఒంట్లో వేడి బయటికి పంపడానికి అది నోరు తెరిచి, నాలుక బయటపెట్టి రొప్పుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. నోటితో రొప్పే కుక్క ముక్కుతో సరిగ్గా వాసన లాగలేదు. ఇజ్రాయెల్ పరిశోధకులు పేలుడు పదార్థాలు వెతికే కుక్కల మీద చేసిన పరీక్షలు 2003లో అచ్చయ్యాయి. రొప్పడం పెరిగిన కొద్దీ వాసన పట్టే సామర్థ్యం బాగా తగ్గిందని వాటిలో తేలింది.

అంటే ఎండలో కుక్క పడిపోకముందే, నీరసపడకముందే దాని ముక్కు పనికిరాకుండా పోతుంది. ఇలాంటి కుక్కల్ని పనిచేయించేవాళ్లు కాసేపు పని, కాసేపు నీడ, మళ్లీ పని అని వంతులు పెట్టేది ఇందుకే. మరో సంగతి కూడా ఉంది. అమెరికాలో ఆబర్న్ యూనివర్సిటీ వాళ్లు 2003లో అచ్చువేసిన పరిశోధన ప్రకారం, రోజూ వ్యాయామం అలవాటున్న కుక్కలు పరుగెత్తాక కూడా వాసన బాగానే పట్టాయి. వ్యాయామం లేకుండా కూర్చోబెట్టిన కుక్కలు మాత్రం పరుగు తర్వాత తడబడ్డాయి. కాబట్టి నెలల తరబడి బోనులో కట్టేసి, పందెం ముందు రోజు పరుగెత్తిస్తే లాభం లేదు.

వేసవిలో కుక్కని బయటికి తీసుకెళ్లాల్సింది ఫజర్ అజాన్ వేళకి, లేదంటే పొద్దు గూకి ఇసుక చల్లారాక. మీ అరచేతి వెనకభాగం నేల మీద ఆనించి చూడండి. ఏడు సెకన్లు ఉంచలేకపోతే ఆ నేల మీద కుక్క పాదాలు కూడా కాలతాయి. పికప్ వెనక రేకు మీద ఎండలో కుక్కను నిలబెట్టి తీసుకెళ్లడం అసలే వద్దు.

జలుబు అనుకుంటే పొరపాటు

కుక్కకి తుమ్ములొస్తే మనం జలుబులే అనుకుని వదిలేస్తాం. ముక్కుని దెబ్బతీసే వాటిలో ముఖ్యమైనవి ఇవి.

డిస్టెంపర్: టీకా వేయని కుక్కలకు వచ్చే పెద్ద జబ్బు. జ్వరం, కళ్లలో పుసి, ముక్కులోంచి చిక్కటి చీమిడి, తర్వాత ఫిట్స్. ప్రాణాలు తీస్తుంది. బతికి బయటపడ్డ కుక్కల్లోనూ కొన్నింటికి వాసన పోతుందని 1988లోనే పరిశోధకులు రాశారు.

పారాఇన్‌ఫ్లుయెంజా: కెన్నెల్ దగ్గు తెప్పించే వైరస్‌లలో ఒకటి. పైకి పెద్దగా జబ్బు లక్షణాలు కనిపించని కుక్కల్లో కూడా ఇది వాసన శక్తిని తగ్గించిందని అదే 1988లో ఇంకో పరిశోధన తేల్చింది. అందరం గుర్తుంచుకోవాల్సింది ఇదే. కుక్క చూడ్డానికి బాగుందంటే ముక్కు కూడా బాగుందని కాదు. పందేలకు, ప్రదర్శనలకు తీసుకెళ్లి వచ్చిన కుక్కని కొన్నాళ్లు మిగతావాటికి దూరంగా కట్టేయడం మంచిది.

గోమార్ల జ్వరం: గోధుమ రంగు గోమారి ద్వారా వచ్చే ఎర్లీషియా అనే జబ్బు. మన ఊళ్లలోనూ ఉంది, ఇక్కడా ఉంది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. కొన్ని కుక్కలకు ఉన్నట్టుండి ముక్కులోంచి రక్తం కారుతుంది. దెబ్బ తగిలిందేమోనని సర్దుకోకుండా వెంటనే డాక్టర్‌కి చూపించాలి. ముందుగా పట్టుకుంటే మందులతో తగ్గుతుంది. చెవుల వెనక, వేళ్ల సందుల్లో, తోక మొదట్లో వారానికి రెండుసార్లయినా వెతకాలి. దొరికితే పట్టకారుతో చర్మానికి దగ్గరగా పట్టి లాగండి. చేతి గోళ్లతో నలపకండి.

పళ్లు: పంటి జబ్బు ముక్కుకి వస్తుందంటే నమ్మబుద్ధి కాదు. కుక్క పై దవడ పళ్ల వేళ్లకి, ముక్కు గదికి మధ్య పల్చటి ఎముకే అడ్డం. పన్ను కుళ్లి చీము పడితే అది ముక్కులోకి దారి చేసుకోగలదు. కంటి కింద వాపు, ఒక ముక్కు రంధ్రం నుంచే చీము, నోటి దుర్వాసన ఉంటే పళ్లు చూపించండి.

ఇసుక, గడ్డి ముల్లు: ఉన్నట్టుండి వరసగా తుమ్ముతూ, ఒక పక్క ముక్కునే పంజాతో రుద్దుకుంటుంటే లోపల ఏదో ఇరుక్కుందని అర్థం. పుల్లతోనో, బడ్‌తోనో కెలికితే ఇంకా లోపలికి పోతుంది. అది డాక్టర్ పని.

మన మాత్రలు వాటికి వద్దు

రూమ్‌లో మనకి ఏ నొప్పి వచ్చినా పనడాల్. విరేచనాలైతే ఫ్లాజిల్. అదే చేత్తో కుక్కకి కూడా వేసేవాళ్లున్నారు. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఉండాలి.

ఫ్లాజిల్ అంటే మెట్రోనిడజోల్. పశువుల డాక్టర్లు కూడా దీన్ని కుక్కలకు రాస్తారు. కానీ ఆబర్న్ యూనివర్సిటీ వాళ్లే పేలుడు పదార్థాలు వెతికే 18 కుక్కలకు ఈ మందు ఇచ్చి చూస్తే, వాటిలో 9 కుక్కలకు వాసన పట్టడం తగ్గింది. 2016లో ఇది అచ్చయింది. మందు ఆపిన పది రోజులకు మళ్లీ మామూలైంది. అదే పరీక్షలో డాక్సీసైక్లిన్‌తో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. స్టెరాయిడ్‌లతో కూడా వాసన మందగిస్తుందని 1992లో ఒక పరిశోధన చెప్పింది. మందు అవసరమైతే వాడాల్సిందే. వాడుతున్న రోజుల్లో మాత్రం ఆ కుక్క ముక్కు మీద పందెం కట్టకూడదు.

పనడాల్, బ్రూఫెన్ సంగతి వేరు. పారాసెటమాల్ కుక్క కాలేయాన్ని, రక్తాన్ని దెబ్బతీయగలదు. ఇబుప్రొఫెన్ కడుపులో పుండ్లు తెప్పించి కిడ్నీలను పాడుచేయగలదు. డాక్టర్ చెప్పకుండా ఒక్క మాత్ర కూడా వేయకండి.

తిండి కూడా అంతే. మిగిలిన బిర్యానీ పారేయడమెందుకని కుక్కకి పెడతాం. దాంట్లో ఉల్లిపాయ, వెల్లుల్లి ఉంటాయి. అవి కుక్క రక్తంలోని ఎర్రకణాలను నాశనం చేస్తాయి. ఎండుద్రాక్ష కిడ్నీలకు ముప్పు. సలూకీ చూడ్డానికి బక్కగానే ఉంటుంది, అది దాని జాతి లక్షణం. జాలిపడి నూనె, నెయ్యి దట్టించి లావు చేస్తే పరుగు పోతుంది, ఎండకి ఇంకా త్వరగా రొప్పుతుంది.

బోను కడిగేటప్పుడు ఘాటు ఫినాయిల్ పోసి, ఆరకముందే కుక్కని లోపలికి తోలకండి. జనరేటర్ పొగ బోను వైపు రాకుండా చూడండి. మన ముక్కునే మండించే వాసన ఆ ముక్కుకి ఎంత ఘాటుగా ఉంటుందో ఆలోచించండి.

పైసా ఖర్చు లేని పరీక్ష

కుక్కకి వాసన తెలుస్తోందో లేదో ఇలా చూడొచ్చు. ఒకేలా ఉన్న మూడు ఖాళీ అట్టపెట్టెలు తీసుకోండి. కుక్క చూడకుండా ఒకదాంట్లో చిన్న మాంసం ముక్క పెట్టి మూసేయండి. చల్లటి వేళ, రొప్పడం లేనప్పుడు కుక్కని వదలండి. స్థలం మార్చి అయిదారుసార్లు చేయండి. బాగున్న కుక్క ఎక్కువసార్లు సరైన పెట్టె దగ్గరే ఆగుతుంది. వారానికోసారి చేస్తే మీ కుక్కకి ఏది మామూలో మీకు తెలుస్తుంది. మొన్నటిదాకా వెంటనే పట్టిన కుక్క ఇవాళ మూడు పెట్టెల చుట్టూ ఊరికే తిరుగుతుంటే, తిండి దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తేనే తింటుంటే, డాక్టర్‌కి చెప్పాల్సిన సంగతే. ఇది జబ్బు పేరు చెప్పే పరీక్ష కాదు. అనుమానం రావడానికి మాత్రమే.

వడదెబ్బ తగిలితే

కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. ఆగకుండా రొప్పడం, చొంగ కారడం, చిగుళ్లు బాగా ఎర్రబడటం, తూలడం, వాంతి.. ఇవి గుర్తులు. ముందు నీడలోకి లాగండి. ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య నీళ్లు పోస్తూ ఫ్యాన్ గాలి తగలనివ్వండి. తడి గుడ్డ కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. స్పృహ ఉంటే కొద్దికొద్దిగా నీళ్లు తాగనివ్వండి, బలవంతంగా నోట్లో పోయకండి. చల్లబరుస్తూనే అర్బాబ్‌కి ఫోన్ చేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కాస్త తేరుకున్నట్టు కనిపించినా చూపించడం తప్పనిసరి, ఎందుకంటే లోపలి దెబ్బ ఆలస్యంగా బయటపడుతుంది.

మీ సంగతీ చూసుకోండి

కుక్కలతో పనిచేసేవాళ్లు రేబిస్ టీకా కార్డు ఉందో లేదో మొదటి రోజే అడగండి. 2016 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం ఎమిరేట్స్‌లో పెంచే కుక్కకి లైసెన్సు, టీకాలు ఉండాల్సిందే. కరిచినా, గీరినా ముందు పారే నీళ్లతో, సబ్బుతో 15 నిమిషాలు కడిగి వెంటనే హాస్పిటల్‌కి వెళ్లాలి. కారం, సున్నం, పసుపు లాంటివి పెట్టొద్దు. అర్బాబ్ ఏమంటాడోనని దాచిపెట్టొద్దు. రేబిస్ ముదిరి బయటపడితే దాదాపు ఎవరూ బతకరు.

కుక్కకి జబ్బు అనుమానం రాగానే అర్బాబ్‌కి చెప్పండి. వీలైతే ఫోటోతో, తేదీతో మెసేజ్ పెట్టండి. ‘నువ్వు చూసుకోలేదు’ అనే మాట వచ్చినప్పుడు ఆ మెసేజే మీ తరఫున మాట్లాడుతుంది.

చివరగా, సైట్ మీద మనుషులతో పనిచేసేవాడిగా ఒక్క మాట. 2005 నుంచి ఎమిరేట్స్‌లో వేసవి మధ్యాహ్నం బయటి పనికి విరామం ఉంది. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, 12.30 నుంచి 3 గంటల వరకు. అయినా మిగతా వేళల్లో ఎండ దెబ్బ, సిమెంటు దుమ్ము, థిన్నర్ వాసన మన ముక్కుల్ని వదలవు. కరోనా తర్వాత వాసన పూర్తిగా తిరిగి రానివాళ్లూ ఉన్నారు. రూమ్‌లో గ్యాస్ లీకైతే తెలియడానికే దాంట్లో ఆ పాడు వాసన కలుపుతారు. అది మీకు తెలియడం లేదంటే తోటివాళ్లకి చెప్పండి, వంట దగ్గర ఒంటరిగా ఉండకండి, డాక్టర్‌ని కలవండి.

బాగా పనిచేసే మనిషి నాలుగు రోజులుగా వెనకబడితే నేను ముందు అడిగేది నిద్ర పట్టిందా, నీళ్లు తాగావా, జ్వరమేమైనా ఉందా అనే. ఆ మనిషి నోరు తెరిచి చెప్పగలడు. ఎజ్బాలో గొలుసుకి కట్టేసి ఉన్న కుక్క చెప్పలేదు. దాని తరఫున చూడాల్సింది, చెప్పాల్సింది రోజూ దానికి నీళ్లు పోసే మీరే.